బేడీల్లో ఉన్న వీరుడు చెయ్యెత్తడెందుకు?

తిరుమలలో శ్రీవారి ఆలయ మహాద్వారానికి ఎదురుగా బేడి ఆంజనేయస్వామి గుడి ఉంది. స్వామివైపు చూస్తూ, చేతులు జోడించి, ఆ చేతులకు బేడీలతో నిలబడిన హనుమ అక్కడ కనిపిస్తాడు. అఖిలాండం దగ్గర కొబ్బరికాయ కొట్టి అటు తిరిగిన పిల్లలు తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు: సముద్రం దాటినవాణ్ని కట్టేసిందెవరు? ఆయన తెంచుకోలేదెందుకు?

స్థలపురాణం చెప్పే జవాబు చిన్నది. బాల హనుమ తన వాహనమైన ఒంటెను వెతుక్కుంటూ కొండ దాటిపోబోతే తల్లి అంజనాదేవి బేడీలు వేసి, తాను వచ్చేదాకా స్వామి ఎదుట నిలబడమందట. ఆమె ఆకాశగంగ వైపు వెళ్లింది, కొడుకు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు అంటారు. ఇది అమ్మ మాట మీద గౌరవంతో ఆగిన కథ. కట్టింది తల్లి కాబట్టి పిల్లలకు ఇక్కడ సందేహం తీరిపోతుంది. కట్టింది శత్రువైనప్పుడే అసలు చిక్కు.

తిరుమల కొండల్లోని అంజనాద్రే హనుమ జన్మస్థలమని తిరుమల తిరుపతి దేవస్థానం 2021 ఏప్రిల్ 21న, శ్రీరామనవమి నాడు ప్రకటించింది. హంపీ దగ్గరి అంజనాద్రి పక్షం వాళ్లు దాన్ని ఒప్పుకోలేదు. ఆ వాదం ఎటు తేలినా మన ఊళ్లో సుందరకాండ మీద మాటలు పెరిగాయి. వాటిలో కుర్రవాళ్లు పట్టుకున్న సందేహం న్యాయమైనది. వాళ్లు చూసే ఫ్యాంటసీ సిరీస్‌లలో, ఆడే గేమ్‌లలో కూడా ఇదే ఘట్టం వస్తుంటుంది: అందరికంటే బలవంతుడు, తెలివైనవాడు, శత్రువు చేతికి చిక్కి ఊరకే నిలబడతాడు. కథ సాగదీయడానికి రచయిత చేసిన పనా ఇది, లేక లోపల ఏదైనా లెక్క ఉందా? లెక్క ఉన్న కథలేవో, లేనివేవో తేల్చుకోవడానికి మన పాత కథలు బాగా పనికొస్తాయి.

లొంగడం, ఓడడం, ఆగడం

ఈ మూడింటినీ ఒకే మూటలో కట్టేయడం వల్లనే సగం గందరగోళం. ఓడినవాడికి పోరాడే శక్తి అయిపోయింది. లొంగినవాడు శత్రువు కోరింది ఒప్పుకున్నాడు, అతడికి శక్తి మిగిలి ఉన్నా లేకపోయినా. ఆగినవాడు శత్రువు కోరింది ఒప్పుకోడు, కాని ఈ క్షణాన చెయ్యి చేసుకోడు. మనం మాట్లాడుతున్నది ఈ మూడోవాడి గురించే.

ప్రహ్లాదుణ్ని చూడండి. ఏనుగులతో తొక్కించారు, పాములతో కరిపించారు, నిప్పుల్లో వేశారు. ఆ పిల్లవాడు తండ్రి మీద చెయ్యెత్తలేదు. కాని తండ్రి చెప్పమన్న మాట ఒక్కసారి కూడా చెప్పలేదు. హిరణ్యకశిపుడికి పిచ్చెత్తించింది సరిగ్గా అదే. కాబట్టి పోరాడని ప్రతివాడూ లొంగినట్టు కాదు. ఇంకా లోతుకు వెళితే, ప్రహ్లాదుడి దృష్టిలో తండ్రి శత్రువే కాదు. అదుపు తప్పిన మనసు తప్ప వేరే శత్రువు లేడని సభలో తండ్రికే చెప్పాడు. అంతా అయ్యాక నరసింహుణ్ని అడిగింది కూడా తండ్రి పాపం పోవాలనే. బంధించినవాణ్ని బాగుపడవలసిన మనిషిగా చూసేవాడికి పోరాటం అనే మాటే పుట్టదు.

హనుమ సంగతి వేరు. ఆయనకు లంకలో రాక్షసుల మీద అలాంటి జాలి ఏమీ లేదు.

బ్రహ్మాస్త్రం తగిలినప్పుడు హనుమ ఆలోచన

సుందరకాండలో 68 సర్గలు. 41వ సర్గలో, సీతను చూసిన తర్వాత, హనుమ ఒక్కడే కూర్చుని లెక్క వేసుకుంటాడు. వచ్చిన పని అయింది. అయితే మొదటి పనికి భంగం రాకుండా ఇంకా నాలుగు పనులు చక్కబెట్టుకొచ్చేవాడే పనిమంతుడు అనుకుంటాడు. శత్రువు బలమెంతో తెలియాలి. రాక్షసుల దగ్గర సామ దాన భేదాలు పనిచేయవు, దండమే మిగిలింది. అందుకని అశోకవనం విరగ్గొడతాడు. తర్వాత జరిగింది మామూలు యుద్ధం కాదు. రావణుడు పంపిన ఎనభై వేల మంది కింకరులు, ప్రహస్తుడి కొడుకు జంబుమాలి, ఏడుగురు మంత్రిపుత్రులు, ఐదుగురు సేనాపతులు, చివరికి రావణుడి కొడుకు అక్షకుమారుడు, అందరూ చచ్చారు. పోరాటానికి వెనకాడే మనిషి కాదని ఇంతకంటే రుజువు ఏం కావాలి?

48వ సర్గలో ఇంద్రజిత్తు వస్తాడు. హనుమను చంపడం కుదరదని అతడికి అర్థమవుతుంది, పట్టుకోవడానికి బ్రహ్మాస్త్రం వేస్తాడు. హనుమ కింద పడతాడు. ఇక్కడ వాల్మీకి హనుమ మనసులోకి వెళ్లి చెప్పిన మాటలు నెమ్మదిగా చదవాలి, ఎందుకంటే అవి ఒకదానికొకటి అడ్డుపడేలా ఉన్నాయి. మొదట, బ్రహ్మ మహిమ వల్ల ఈ అస్త్రాన్ని విడిపించుకునే శక్తి నాకు లేదు, దీనికి కట్టుబడాలి అనుకుంటాడు. వెంటనే, అస్త్రం బలాన్నీ తన మీద ఉన్న బ్రహ్మ అనుగ్రహాన్నీ విడిపించుకోగల తన శక్తినీ ఆలోచించి బ్రహ్మ ఆజ్ఞను పాటించాడు అని కవి అంటాడు. తర్వాత 50వ సర్గలో రావణుడి సభలో హనుమే చెబుతాడు: దేవాసురులు కూడా నన్ను అస్త్రపాశాలతో కట్టలేరు, రాజును చూడాలనే ఈ అస్త్రానికి ఒదిగాను.

శక్తి లేదా, ఉండీ వాడలేదా? దీన్ని రెండు రకాలుగా చదవవచ్చు. బ్రహ్మ ఇచ్చిన వరం వల్ల ఆ బంధం కాసేపటిదే, ఆ కాసేపు మాత్రం నిజమైనదే, ఆ తర్వాత ఉన్నది ఇష్టపూర్వకం అన్నది ఒకటి. శక్తి మొదటినుంచీ ఉంది, ఆ అస్త్రానికి మూలమైన బ్రహ్మ మీద గౌరవంతో దాన్ని పక్కన పెట్టాడు అన్నది రెండోది. నాకు మొదటిదే కథకు దగ్గరగా తోస్తుంది, ఎందుకంటే ఆ వెంటనే వచ్చే ఘట్టం దానికే బలమిస్తుంది. అస్త్రం పడింది చూసి రాక్షసులు పరుగెత్తుకొచ్చి జనపనార తాళ్లతో, చెట్ల నారలతో బిగించి కట్టేస్తారు. వేరే కట్టు పడితే బ్రహ్మాస్త్రం నిలవదు, విడిపోతుంది. ఇంద్రజిత్తుకు ఆ సంగతి తెలిసి గుండె జారిపోతుంది. మళ్లీ వేయడానికి ఆ అస్త్రం పనికిరాదు. మిగిలింది వట్టి తాళ్లు. సముద్రం దాటినవాడికి జనపనార తాడు ఒక లెక్కా? హనుమ మాత్రం కట్టు విడిపోయినట్టు బయటపడడు. రాక్షసులు గుద్దుతుంటే, ఈడుస్తుంటే ఊరుకుంటాడు.

ఊరుకోవడానికి కారణం తానే ముందే చెప్పుకున్నాడు: రాక్షసులకు పట్టుబడడంలో నాకు గొప్ప లాభం కనిపిస్తోంది, రాక్షసరాజుతో మాట్లాడవచ్చు, కాబట్టి పట్టుకోనీ.

చొరబడినవాడు దూత అయ్యేది సభలోనే

ఈ లాభం ఎంతటిదో తెలియాలంటే ఆ క్షణం దాకా హనుమ హోదా ఏమిటో చూడాలి. లంక దృష్టిలో అతడు రాత్రిపూట గోడ దూకి వచ్చినవాడు, తోట పాడుచేసినవాడు, రాజు కొడుకును చంపినవాడు. యుద్ధం కొనసాగించినంతసేపూ అతడు అంతే. ఇంకో పదివేల మందిని చంపినా రావణుడికి రాముడి మాట చేరదు. పోరాటం ఆపి సభలో నిలబడి నేను రాముడి దూతను అని చెప్పినప్పుడే రాజధర్మం అనే ఇంకో గొడుగు అతడి మీదికి వచ్చింది. రావణుడు చంపమన్నాడు, విభీషణుడు అడ్డుపడ్డాడు: దూతను చంపకూడదు, అంగభంగం, కొరడా దెబ్బలు, గుండు గీయించడం లాంటి శిక్షలున్నాయి కాని వధ లేదు. శత్రువు కొలువులోనే ధర్మం మాట్లాడే నోరు ఒకటుందని హనుమకు తెలిసింది ఇలాగే. తర్వాత ఆ విభీషణుడు రాముడి దగ్గరికి వచ్చినప్పుడు అతణ్ని నమ్మవచ్చని వాదించినవాడు హనుమే. మిగతావాళ్లు సందేహిస్తుంటే ఈయన ధైర్యంగా చెప్పగలిగింది, లంకను లోపలినుంచి చూశాడు కాబట్టి.

తోకకు నిప్పు పెట్టి ఊరంతా తిప్పుతున్నప్పుడూ అదే బుద్ధి. వీళ్లందరినీ చంపగలను, కాని రాముడి కోసం ఓర్చుకుంటాను, రాత్రి కోట కట్టుబాటు సరిగా చూడలేదు, పగటి వెలుగులో చూస్తాను అనుకుంటాడు. అవమానపరుస్తున్నామని రాక్షసులు అనుకుంటున్నారు, వాళ్లే వీధి వీధీ చూపించి పెడుతున్నారు. చూడవలసింది చూశాక ఒళ్లు చిన్నది చేసుకుని కట్లు జార్చేసుకుంటాడు.

సీత చేసిన రెండు నిరాకరణలు

హనుమ కంటే పెద్ద ఖైదీ అదే తోటలో ఉంది. ఆమెను నిస్సహాయంగా ఏడ్చే మనిషిగా చూపించే సినిమాలు, సీరియళ్లు చూసీ చూసీ ఆమె వాదన మనం మరిచిపోయాం. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

మొదటిది రావణుడికి చెప్పిన మాట. నీకు బూడిద అయ్యే అర్హత ఉంది, నాకు చేసే తేజస్సూ ఉంది. రాముడి ఆజ్ఞ లేదు, నా తపస్సు కాపాడుకోవాలి, అందుకే చేయడం లేదు. ఎదురుగా రెండు నెలల గడువు పెట్టి బెదిరిస్తున్నవాడికి చెప్పిన మాట ఇది.

రెండోది హనుమకు చెప్పినది, 37వ సర్గలో. నా వీపు మీద కూర్చో, ఈ రోజే రాముడి దగ్గర దింపుతానంటాడు. ఆమె ఒప్పుకోదు. పతివ్రతాధర్మం ఒక్కటే కారణమని చాలామంది అనుకుంటారు. ఆ కారణం ఉంది, కాని దానికంటే ముందు ఆమె చెప్పినవన్నీ యుద్ధం లెక్కలు. నీ వేగానికి నేను సముద్రంలో పడిపోవచ్చు. స్త్రీని తీసుకెళుతున్నావని రాక్షసులు వెంటపడతారు, వాళ్లకు ఆయుధాలున్నాయి, నీకు లేవు. పోరాడతావా, నన్ను కాపాడతావా? నువ్వు పోరాడుతుంటే నేను జారిపోవచ్చు. మళ్లీ పట్టుకుంటే చంపవచ్చు, లేదా మీకెవరికీ దొరకని చోట దాచవచ్చు, అప్పుడు నువ్వు ఇంత దూరం వచ్చిందంతా వృథా. ఒకవేళ అందరినీ నువ్వే చంపినా రాముడి కీర్తికి లోటు. ఇందులో ఏ ఒక్కటీ భయంతో అన్నది కాదు. తప్పించుకునే ప్రయత్నం చెడితే ఇప్పుడున్నదాని కంటే ఘోరం అవుతుందని బేరీజు వేసిన మాటలు. ఇప్పుడు తానెక్కడుందో రాముడికి తెలియబోతోంది. ఆ ఒక్క లాభాన్ని పందెం కాయడానికి ఆమె సిద్ధంగా లేదు.

మాంత్రికుడి ప్రాణం ఒంట్లో లేనప్పుడు

పురాణం వదిలి అచ్చమైన తెలుగు ఫ్యాంటసీకి వద్దాం. బుర్రకథల్లో, నాటకాల్లో విన్న బాలనాగమ్మ కథ. మాయల ఫకీరు ఆమెను ఎత్తుకుపోతాడు. ఆమె నోము పేరు చెప్పి ఏళ్ల తరబడి అతణ్ని దూరం పెడుతుంది. కొడుకు బాలవర్ధి పెరిగి వెతుక్కుంటూ వచ్చాక కూడా నేరుగా ఫకీరు మీద పడరు. మంచి మాటలతో అతడి ప్రాణం ఎక్కడుందో తెలుసుకుంటారు: ఏడు సముద్రాల అవతల చిలకలో. అది తెలియకముందు ఫకీరును నరికినా గుండు పగలగొట్టినా ప్రయోజనం లేదు, పైగా అతడు మేలుకుంటాడు. ఇలాంటి కథల్లో పోరాటం మానడం అంటే తప్పుడు చోట కొట్టకపోవడం, అంతే. ఇది అన్నిటికంటే సులువుగా అర్థమయ్యే కారణం, కాబట్టి ఎక్కువ చెప్పను.

బలిచక్రవర్తి కథ ఇంకో రకం. వామనుడు పెరిగి రెండడుగుల్లో లోకాలు కొలిచాక బలి మనుషులు ఆయుధాలు ఎత్తారు. బలి వాళ్లను ఆపాడు. ఒకప్పుడు మనకు కలిసొచ్చిన కాలమే ఇప్పుడు ఎదురు తిరిగింది, కాలం మళ్లీ మనవైపు వచ్చినప్పుడు చూద్దాం, ఇప్పుడు వెనక్కి తగ్గండి అన్నాడు. ఆ తర్వాత వరుణపాశాలతో అతణ్ని కట్టేశారు. కట్టేసి ఉండగానే మూడో అడుగుకు తల చూపించాడు. అతడు ఇచ్చిన మాట ఇంకా చెల్లలేదు, చెల్లించడానికి పోరాటం అడ్డు.

ఓర్పు ఖరీదు ఇంకొకరి మీద పడితే

ఇంతవరకు ఆగడమే తెలివి అన్నట్టు కనిపించి ఉండవచ్చు. చిత్తూరు వైపు ఊళ్లలో భారతం జరిగేటప్పుడు వెళ్లినవాళ్లకు ఆ భ్రమ ఉండదు. ధర్మరాజుల గుళ్ల దగ్గర పగలు హరికథ, రాత్రి వీధినాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కుతాడు, చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ జరుగుతుంది. ఆ వరుసలో ద్రౌపదీ వస్త్రాపహరణం రాత్రి ఒకటుంటుంది. అయిదుగురు మహావీరులు తల వంచుకుని కూర్చుంటారు. జూదంలో ఓడి దాసులయ్యారు, మాటకు కట్టుబడ్డారు. భీముడు ధర్మరాజు చేతులు కాల్చేస్తాను, నిప్పు తెమ్మని సహదేవుడితో అంటాడు. మనలో మనం చీలితే శత్రువు కోరిక తీరినట్టే అని అర్జునుడు ఆపుతాడు.

ఇది కూడా ఆగడమే. హనుమ మాటల్లాగే వినడానికి తెలివైన కారణమే. కాని చూసేవాళ్ల గుండె ఎందుకు ఒప్పుకోదు? లంకలో గుద్దులు తిన్నది హనుమ, తోక కాలింది హనుమకు. ఇక్కడ వీరుల నిగ్రహానికి ఖరీదు చెల్లించింది ద్రౌపది. ఆమె ఆ ఖరీదుకు ఒప్పుకోలేదు సరిగదా, ధర్మరాజు తన్ను తాను ముందు ఓడాడా నన్ను ముందు ఓడాడా అని సభను నిలదీసింది. ధర్మం సూక్ష్మం అన్నాడు భీష్ముడు. ఆమె పక్షాన గట్టిగా నిలబడిన కౌరవుడు వికర్ణుడొక్కడే. ధర్మరాజు సత్యానికి కట్టుబడ్డాడని సమర్థించేవాళ్లు ఉన్నారు, వాళ్ల వాదన తేలికైనది కాదు. ఆ రోజు మాట తప్పి ఉంటే యుద్ధానికి ముందు పాండవుల వైపు న్యాయం ఇంత బలంగా ఉండేది కాదంటారు. అయినా నాకు ఆ సభలో వివేకం ద్రౌపది నోటే కనిపిస్తుంది.

హనుమ మీద కూడా ఇలాంటి ఆక్షేపణ ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. ఆ రోజు ఇంద్రజిత్తుతో యుద్ధం సాగించి అతణ్ని అక్కడే తుదముట్టించి ఉంటే? తర్వాత రామలక్ష్మణులను నాగపాశంతో కట్టినవాడు, వానరసేనను బ్రహ్మాస్త్రంతో నేలకూల్చినవాడు అతడే. ఆ ప్రాణాలన్నీ ఆగడానికి పడిన ఖరీదు కాదా? దీనికి రెండు మాటలు. ఆ పూట ఇద్దరూ ఒకరికొకరు తీసిపోలేదు, గెలుపు ఖాయం కాదు. హనుమ పడిపోతే సీత జాడ తెలిసినవాడే ఉండడు. నేను ఒక నెల మాత్రమే బతుకుతానని ఆమె చెప్పి పంపింది. ఆ కబురు ఒక్కడి గొంతులో ఉంది. ఈ జవాబు నాకు చాలినట్టే ఉంది, కాని ఆక్షేపణ పూర్తిగా కరిగిపోదు.

కథలో ఒక్క సంగతి మారితే లెక్క మారుతుంది

ఒక కల్పిత కథ అనుకుందాం. చంద్రగిరి లాంటి కొండకోటలో ఒక మాంత్రికుడు వీరుణ్ని గొలుసులతో కట్టాడు. వీరుడు ఒక్క ఊపుతో తెంచుకోగలడు. కింద ఊరంతా మాంత్రికుడి నిద్రమంత్రంలో ఉంది. విప్పే మాట అతడికొక్కడికే తెలుసు. అతణ్ని చంపితే ఊరు శాశ్వతంగా నిద్రపోతుంది. ఇక్కడ వీరుడు దెబ్బలు తింటూ మాట రాబట్టుకోవడం పూర్తిగా సబబు.

ఇప్పుడు ఒక్కటి మార్చండి. మాంత్రికుడు చస్తే మంత్రం దానంతటదే విడిపోతుంది, ఆ సంగతి వీరుడికి తెలుసు. అప్పుడు గొలుసుల్లో కూర్చుని నీతులు చెప్పేవాడు వీరుడు కాదు, రచయిత అతణ్ని పేజీలు నింపడానికి కూర్చోబెట్టాడు. ఇంకో మార్పు: చస్తే మంత్రం విడుతుందో లేదో తెలియదు, కాని రోజుకొక మనిషి నిద్రలోనే చనిపోతున్నాడు. మొదటి రోజు ఆగడం వివేకం. పదో రోజు కూడా అదే వివేకమని చెప్పడం కష్టం. ఎన్నో రోజున మారింది? మంచి రచయిత ఆ రోజును వీరుడి ముఖంలో చూపిస్తాడు. పాఠకుడు ఒప్పుకోకపోయినా, అతడు లెక్కపెడుతూనే ఉన్నాడని తెలియాలి.

ఇంకో చిన్న పరీక్ష కూడా ఉంది. ఆగిన వీరుడు ఆగినంతసేపూ ఏం చేస్తున్నాడు? హనుమ సభను చూశాడు, రావణుణ్ని చూసి ఎంత తేజస్సు, అధర్మం లేకపోతే దేవలోకాన్ని కూడా ఏలగలిగేవాడు కదా అని అంచనా వేశాడు, చెప్పవలసింది చెప్పాడు, వీధులు గుర్తుపెట్టుకున్నాడు. సీత తన జాడ, గుర్తుగా చూడామణి, గడువు, అన్నీ పంపింది. బాలనాగమ్మ రహస్యం లాగింది. ఊరకే కూర్చున్నవాళ్లు వీళ్లలో ఎవరూ లేరు.

కట్లు జారాక చేసిన పని గురించి హనుమ పశ్చాత్తాపం

వాల్మీకి కథను ఇక్కడితో ఆపలేదు, అందుకే ఆయన మీద నాకు అంత గౌరవం. కట్లు వదిలించుకున్నాక హనుమ ద్వారం గడియ మాను లాక్కుని కావలివాళ్లను చంపి, లంకను తగలబెడతాడు. ఇన్ని సర్గల ఓర్పు తర్వాత చదివేవాడికి ఇది పెద్ద ఊరట. 55వ సర్గలో తోక సముద్రంలో ఆర్పుకున్నాక ఒక్కసారిగా భయం పట్టుకుంటుంది: లంకంతా కాలింది, సీత కూడా కాలిపోయిందేమో. కోపంలో ఉన్నవాడు చేయరాని పని అంటూ ఉండదని తన్ను తాను తిట్టుకుంటాడు, ప్రాణం వదిలేద్దామా అని కూడా అనుకుంటాడు. ఆకాశంలో చారణులు సీత క్షేమమని చెప్పుకుంటుంటే విని ఊపిరి పీల్చుకుంటాడు. అయినా మళ్లీ అశోకవనానికి వెళ్లి, కళ్లారా ఆమెను చూసి, సెలవు తీసుకున్న తర్వాతే సముద్రం దాటడానికి కొండెక్కుతాడు.